బాస్మతి సంచిలో మోగిన ఫోన్

మూడోసారి మోగేసరికి ఆగలేక సంచి జిప్పు తీసేశాను. పద్దెనిమిది ఫోన్లలో వెలుగుతున్నది ఒక్కటే. తెర మీద తెల్లమీసాల పెద్దాయన ఫొటో, అరచేతి నిండా పొద్దుతిరుగుడు గింజలు పట్టుకుని నవ్వుతూ. ఎదురుగా మైదానంలో ఆయన కూతురు గోల్ ముందు నిలబడి, చేతులకున్న పెద్ద గ్లౌజులు ఊపుతూ ముందున్న పిల్లల మీద అరుస్తోంది. స్కోరు ఒకటి ఒకటి. ఇంకా పదిహేను నిమిషాల ఆట మిగిలి ఉంది.

పచ్చబటన్ నొక్కి, చున్నీ అడ్డం పెట్టుకుని "హలో బాబా" అన్నాను.

ఆయన గొంతు కాదు. ఎవరో మగమనిషి ఏడుస్తున్నాడు. వెనకాల ఆడవాళ్ళ ఏడుపు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆ మనిషి "ఫోన్ అమ్మాయికి ఇవ్వు. ఇప్పుడే ఇవ్వు" అంటున్నాడు.

"ఆడుతోంది. ఆట అయ్యాక. ఇరవై నిమిషాలు" అని చెప్పి పెట్టేశాను.

నేను చేసింది అంతే. పది సెకన్లు కూడా పట్టి ఉండదు. ఆ పది సెకన్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళకే రిటైరైపోయినదానిలా ఈ జ్ఞాపకాలేమిటే అని మా ఆంటీ ఎగతాళి చేస్తోంది. నిజమే, నేనేమీ పెద్ద ఆఫీసర్‌గా చేసి దిగలేదు. పదో తరగతి వరకు చదివాను. గోదావరి పక్క ఊరు. కంపెనీ వీసా మీద ఖతార్ వచ్చి, ఒక కాలేజీలో ఆడపిల్లల ఫుట్‌బాల్ టీముకు అటెండెంట్‌గా పనిచేశాను. అది వదిలేసి ఇప్పుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక టైలరింగ్ షాపులో, ఇక్కడి ఆడవాళ్ళు వేసుకునే నల్ల అబాయాలకు అంచులు కుడుతున్నాను. కానీ కొత్తగా ఈ దేశానికి వస్తున్న చెల్లెళ్ళు మా షాపుకు వచ్చి, అక్కా ఇక్కడ ఎలా ఉండాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడుగుతుంటారు. జీతం, పాస్‌పోర్టు, ఎండదెబ్బ గురించి అందరూ చెబుతారు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

నా పని చిన్నదే. నీళ్ళ బాటిళ్ళు, ఐసుపెట్టె, ప్రాక్టీసులో వేసుకునే రంగు బనీన్లు ఉతకడం. పిల్లలు బట్టలు మార్చుకునే గది తలుపు దగ్గర మగవాళ్ళెవరూ రాకుండా కాపలా కాయడం. నేను చేరిన ఏడాదే ఆ కాలేజీలో ఆడపిల్లల టీము పెట్టారు. మొదటి మ్యాచ్‌లో ఏడు గోల్స్ తిన్నాం. మేం ఒక్కటీ వేయలేదు. మూడో మ్యాచ్‌లో ఒకటి వేశామని సంబరపడ్డాం, తీరా చూస్తే మావాళ్ళే మా గోల్లోకి కొట్టుకున్నారు. ఫుట్‌బాల్ గురించి నాకేం తెలుసు, నేనూ చప్పట్లు కొట్టేశాను. కోచ్ మేడమ్ చూసిన చూపుకు ఐసుపెట్టెలో దూరిపోదామనిపించింది.

కోచ్ మేడమ్ ఒకప్పుడు వాళ్ళ దేశానికి ఆడిందట. మాటలు తక్కువ, విజిల్ ఎక్కువ. ఒకరోజు హాఫ్‌టైమ్‌లో ఆమె ఆట గురించి చెబుతుంటే పిల్లలంతా ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాక రూలు వచ్చింది: మ్యాచ్‌కు ముందు ఫోన్లన్నీ ఆఫ్ చేసి అటెండెంట్‌కు ఇవ్వాలి, మ్యాచ్ అయ్యాకే వెనక్కి. వాటిని వేయడానికి సంచి కావాలంటే మా రూములో ఖాళీ అయిన ఐదు కిలోల బాస్మతి సంచి తెచ్చాను. జిప్పు ఉంది, పట్టుకోవడానికి చెవులున్నాయి, ఇంకేం కావాలి. పిల్లలు మొదట నవ్వారు. తర్వాత అదే అలవాటైంది. సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ చివర కూర్చుంటే, టీములో నాకూ ఒక స్థానం వచ్చినట్టుండేది.

గోల్‌కీపర్ పిల్లది సిరియా. ఐదేళ్ళ వయసులో యుద్ధం నుంచి తప్పించుకుని అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చేసింది. పొడుగ్గా, సన్నగా ఉంటుంది, నవ్వితే ఒక పక్క పన్ను వంకర. వాళ్ళ నాన్న ఏసీ రిపేరు చేస్తాడు. పడుచుతనంలో ఆయనా వాళ్ళ ఊరి టీముకు గోల్‌కీపరేనట. ప్రతి మ్యాచ్‌కూ పొద్దుతిరుగుడు గింజల పొట్లంతో వచ్చి బెంచీ వెనక కంచె దగ్గర నిలబడేవాడు. నాకు ఆఫ్‌సైడ్ నేర్పింది ఆయనే. కంచె దిమ్మె మీద గింజలు పేర్చి, "ఇది నువ్వు, ఇది బంతి, ఇది వాళ్ళ డిఫెండర్" అని చెప్పి, ఆఫ్‌సైడ్‌లో ఉన్న గింజను కొరికి తినేసేవాడు. మా ఇద్దరికీ మధ్య నడిచింది సగం ఇంగ్లీషు, పావు అరబీ, మిగతాది చేతులు. ఫోన్ల సంచి చూసి నాకు "బ్యాంక్ మేనేజర్" అని పేరు పెట్టాడు. కూతురిలాగే నేనూ ఆయన్ని బాబా అనేదాన్ని, వాళ్ళ భాషలో నాన్న.

ఆ చలికాలం వాళ్ళ దేశంలో యుద్ధం ముగిసింది. అప్పటికి మేం కూడా గెలవడం మొదలుపెట్టాం. ఆయన ఉండబట్టలేక ఒక్కడే ఊరు చూసి వస్తానని బయల్దేరాడు. ఎయిర్‌పోర్టుకు వెళ్ళే ముందు కంచె దగ్గరికి వచ్చి, "బ్యాంక్ మేనేజర్ గారూ, మా అమ్మాయిని చూసుకో" అన్నాడు. "ఫోన్లు చూసుకోవడమే నా డ్యూటీ బాబా, అమ్మాయిల్ని చూసుకునేది కోచ్ మేడమ్" అన్నాను. పెద్దగా నవ్వాడు.

అక్కడినుంచి వీడియోలు పంపేవాడు. తను ఆడిన మైదానం, గోల్ స్తంభాలు లేవు, మధ్యలో ఎవరో మేకలు కట్టేశారు. మరోసారి రెండు ఇనుప గొట్టాలు పాతుతున్నాడు. ప్రతి మ్యాచ్‌కు ముందు, సరిగ్గా నేను సంచి తెరిచే వేళకు ఫోన్ చేసేవాడు. ఆ పిల్ల స్పీకర్ పెట్టేది.

"బ్యాంకు మూసేస్తున్నారు బాబా, తొందరగా."

"మేనేజర్‌కు సలాం చెప్పు. నువ్వు మాత్రం కాళ్ళ మీద నిలబడు, మోకాళ్ళ మీద కాదు."

ఎప్పుడూ అదే మాట. తర్వాత ఫోన్ ఆఫ్ చేసి సంచిలో వేసేది. అలా ఫైనల్ దాకా వచ్చాం.

ఫైనల్ అల్ ఖోర్‌లో. మధ్యాహ్నం బస్సు ఎక్కాం. బస్సు నడిపే అన్నది నిజామాబాద్, ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళు. లుసైల్ దాటేదాకా పిల్లలు పాటలు. ఆయన అద్దంలో చూస్తూ, "చెల్లె, ఇయ్యాల కప్పు తెస్తే బస్సుకు పూల దండేస్త. తేకుంటే అందర్ని నడిపిస్త, అల్ ఖోర్ నుంచి నడుసుకుంట రాండ్రి" అంటున్నాడు. "నీ బస్సు కన్నా నడకే ముందొస్తుంది అన్నా" అన్నాను.

ఆ రోజు ఫోన్ రాలేదు. అందరి ఫోన్లూ సంచిలో పడ్డాయి. ఆ పిల్ల ఒక్కతే చేతిలో పట్టుకుని నిలబడింది. తనే చేస్తే ఎవరూ ఎత్తలేదట. కోచ్ మేడమ్ తలుపు దగ్గరనుంచి "యల్లా, యల్లా" అంటూ తొందరపెడుతోంది.

"ఆఫ్ చేయకులే. ఇలాగే వేసెయ్. నా ఒళ్ళోనే ఉంటుందిగా" అన్నాను.

"వస్తే పిలుస్తావా?"

"పిలుస్తాను."

"ఆట మధ్యలోనైనా?"

"మధ్యలోనైనా. మాటిస్తున్నాను."

ఎంత తేలిగ్గా అనేశానో. ఈ నోటికి అలవాటే అది.

ఇక మొదట చెప్పిన ఆ ఫోన్ దగ్గరికి వస్తాను. నేనెందుకు అలా పెట్టేశానో మీకు చెప్పాలి. ఇక్కడ మనవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఊళ్ళో ఎవరైనా పోతే ఇంటివాళ్ళు మనకు నేరుగా చేయరు. రూములో ఉన్నవాళ్ళకు చేస్తారు. వాళ్ళు మనం డ్యూటీ దిగేదాకా ఆగుతారు. వచ్చాక ఏమీ ఎరగనట్టు అన్నం పెడతారు. తిన్నాక చెబుతారు. చెప్పాక రెండు రోజులు ముద్ద దిగదు కాబట్టి ముందే తినిపించేస్తారన్నమాట. మా అమ్మ పోయినప్పుడు నాకలాగే చెప్పారు. మా అన్నయ్య ఆంటీకి చేశాడు. ఆంటీ అంటే నా రూమ్మేట్, గుడివాడ వైపు మనిషి, మా అమ్మ ఈడు. ఆ రోజు నేను రూముకొచ్చేసరికి ఇడ్లీ, కొబ్బరి పచ్చడి చేసి ఉంచింది. నాలుగు తిన్నాను, ఇంకోటి వేయమని అడిగాను కూడా. చెయ్యి కడుక్కుని వచ్చాక నా తల దగ్గరికి తీసుకుని చెప్పింది. "నాకు ఫోన్ వచ్చేసరికే అంతా అయిపోయిందమ్మా" అంది. ఆ ఇడ్లీలను తలుచుకుని ఆమెకు ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

అందుకని, అలా ఏడుస్తూ ఫోన్ వచ్చిందంటే నా లెక్కలో పెద్దాయన పోయినట్టే. ఇంకేమీ అడగలేదు. పోయిన మనిషి కోసం ఇరవై నిమిషాలు ఆగితే ఏమవుతుంది, పిల్ల ఆట ముగించుకుని, ఏదైనా తిన్నాక చెబుదాం అనుకున్నాను.

లేచి బస్సు అన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన కంచె బయట, పెద్దాయన నిలబడే చోటే నిలబడి ఆట చూస్తున్నాడు.

"అన్నా, ఆ పిల్ల వాళ్ళ నాన్న పోయినట్టున్నాడు."

"ఇన్నాలిల్లాహి. ఎవరు జెప్పిన్రు?"

"ఫోన్ వచ్చింది. ఏడుస్తున్నారు. అమ్మాయికి ఇవ్వమంటున్నారు."

ఆయన గోల్ వైపు చెయ్యి చూపించాడు. "గిప్పుడు జెప్తే పిల్ల ఆగమైతది చెల్లె. మా అబ్బా పోయిననాడు నేను ట్రైలర్ మీదున్న. డ్యూటీ దిగినంక తినిపిచ్చే చెప్పిన్రు. ఆడనీ."

"ఆడనిద్దామా?"

"ఆడనీ. ఇంకో గోల్‌కీపర్ గూడ లేదు గద, ఉన్న రెండో పిల్ల మొన్ననే చెయ్యి ఇరగ్గొట్టుకున్నది."

కోచ్ మేడమ్‌కు చెప్పనే లేదు. చెబితే ఆమె ఏం చేసేదో. పద్ధతి ఆమెకు తెలియదు కదా, బహుశా విజిల్ వేసి ఆట ఆపించేదేమో.

బెంచీ దగ్గరికి వచ్చేసరికి బంతి బయటికి పోయి ఆట ఆగి ఉంది. ఆ పిల్ల గోల్ దగ్గరనుంచి నావైపే చూస్తోంది. కుడిచేతి గ్లౌజు చెవి దగ్గర పెట్టి, వచ్చిందా అన్నట్టు సైగ చేసింది.

నేను తల అడ్డంగా ఊపాను. రాలేదు అని.

ఆమె బొటనవేలు చూపించి మళ్ళీ ఆటలో పడింది. ఒళ్ళో ఫోన్ ఇంకా నాలుగుసార్లు వణికింది. ఉతికిన బనీన్ల మూట కిందకి సంచి తోసేశాను.

ఇరవై నిమిషాలన్నది గంట దాకా సాగింది. ఒకటి ఒకటి మీదే ముగిసి, అదనపు ఆట, అందులోనూ తేలక పెనాల్టీలు. అవతలి టీము ఐదో పిల్ల కొట్టిన బంతి ఎడమవైపు దూసుకొచ్చింది. మా పిల్ల మోకాళ్ళ మీద పడలేదు. కాళ్ళ మీద నిలబడి, చివరిదాకా ఆగి, ఒక్కసారిగా ఎగిరి ఒంటిచేత్తో తోసేసింది. కప్పు మాది. పిల్లలంతా ఆమె మీద కుప్పగా పడ్డారు. కోచ్ మేడమ్ ఏడుస్తోంది. నేనూ ఏడుస్తుంటే, గెలుపుకే అనుకుని ఆమె నన్ను వాటేసుకుంది. ఫొటోలు తీశారు. ఒక ఫొటోలో నేనూ ఉన్నాను, బనీన్ల మూట పట్టుకుని.

పిల్లను ముందే బస్సులోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. బాస్మతి సంచి ఇవ్వకుండా, ఒక లబన్ మజ్జిగ సీసా, చికెన్ శాండ్‌విచ్ చేతిలో పెట్టాను.

"ఫోన్?"

"ఇస్తాను. ముందు తిను. పొద్దున్నించి ఏమీ తినలేదు నువ్వు."

"బాబాకు చూపించాలి, ఆ పెనాల్టీ ఎవరైనా వీడియో తీశారా?"

"తీశారు, తీశారు. తిను."

నవ్వుతూ తింది. సగం అయ్యాక ఫోన్ ఇచ్చాను. తెర చూసి, నన్ను చూసి, అక్కడే చేసింది. వాళ్ళ బాబాయి ఎత్తాడు. నాకు అరబీ అంతగా రాదు, కానీ ఆమె మొహం మారడం అర్థం కావడానికి అరబీ అక్కర్లేదు. నోట్లో ఉన్న ముద్ద చేతిలోకి ఉమ్మేసింది. చాలాసేపు ఆ చెయ్యి అలాగే చాచి కూర్చుంది. నేను టిష్యూతో తుడిచాను.

తర్వాత ఇంగ్లీషులో, జీవం లేని గొంతుతో చెప్పింది. మధ్యాహ్నం గుండెనొప్పి వచ్చిందట. ఆ ఊరి ఆసుపత్రి ఇంకా సగమే తెరిచారట, అందులో పెట్టారట. ఇక్కడ ఇంట్లో ఉన్న అమ్మతో మాట్లాడాడట, తమ్ముళ్ళతో మాట్లాడాడట. అమ్మాయి ఏది, అమ్మాయి ఏది అని అడుగుతూనే ఉన్నాడట.

"ఎప్పుడు..." అన్నాను.

"పది నిమిషాలైందట. అందరూ మాట్లాడారు. ఒక్క నేనే..."

పది నిమిషాల కిందట మేం ఫొటోలు దిగుతున్నాం.

బస్సు అన్న మెట్టు మీదే ఆగిపోయాడు. తలమీద టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నాకేసి చూడలేదు.

"మా టీములో ఎవరో ఆమె ఎత్తిందని అన్నాడు బాబాయి. నువ్వేనా?" అంది ఆ పిల్ల.

"నేనే."

"ఏం చెప్పాడు?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, తెరిచాను. "నువ్వు సైగ చేశాక వచ్చింది. లైన్ బాగాలేదు. ఏమీ వినపడలేదు" అనే మాటలొచ్చాయి.

ఆమె తల ఊపింది. నా మోచేతి మీద చెయ్యి వేసి "పరవాలేదు, ఆ ఊళ్ళో నెట్‌వర్క్ అంతే" అంది. నన్ను ఓదార్చింది.

బస్సు కదిలింది. కప్పు ముందు సీట్లో ఎవరి ఒళ్ళోనూ లేకుండా దొర్లుతుంటే ఒకమ్మాయి కాలు అడ్డం పెట్టి ఆపింది. సిరియా పిల్లను ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో వాళ్ళింటి ముందు దింపాక, అన్న స్టీరింగు మీద తల పెట్టి, "ఉన్నడా, పోయిండా అని ఒక్కమాట అడగకపోతివి చెల్లె. నేనన్న నిన్ను అడగకపోతి" అన్నాడు.

అదీ సంగతి. చెల్లెళ్ళూ, మనవాళ్ళ పద్ధతిలో ప్రేమ లేదని నేననను. కానీ ఏడుపు వినపడగానే ఎదుటివాళ్ళ తరఫున మనమే అన్నీ తేల్చేసుకుంటాం. ఒక్క ప్రశ్న అడగాలంటే భయం.

మర్నాడు సెలవు. పొద్దున్నే ఆంటీ ఉప్మా చేసి నా ముందు ప్లేటు పెట్టింది. జరిగినదంతా రాత్రే ఆమెకు చెప్పాను.

"తినవే, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. నీ తప్పేముంది? మంచికే కదా చేశావు."

ప్లేటు పక్కకి జరిపాను.

"ఆంటీ, ఒకటి అడుగుతాను."

"ముందు తినమ్మా."

"తినను. ముందు చెప్పండి. ఆ రోజు అన్నయ్య మీకు ఫోన్ చేసినప్పుడు అమ్మ ఉందా?"

ఆమె చేతిలో గరిట ఆగిపోయింది. పొయ్యి కట్టేసింది.

"ఉందమ్మా" అంది. "నీ గొంతు ఒకసారి వినిపించమన్నాడు మీ అన్నయ్య. నువ్వు డ్యూటీలో ఉన్నావు. అక్కడ ఒక్కదానివే పడిపోతావేమోనని భయమేసింది. సాయంత్రం దాకా ఉంటుందిలే అనుకున్నాను. ఉండలేదు."

ఆమె మీద అరవాలో, కాళ్ళు పట్టుకోవాలో తెలియలేదు. రెండూ చేయలేదు. రెండేళ్ళుగా ఆ ఇడ్లీలకు నేను పెట్టిన దణ్ణాలన్నీ నన్ను చూసి జాలిపడుతున్నట్టు అనిపించింది. నేను చెప్పకపోతే ఆ సిరియా పిల్ల కూడా రేపటినుంచి ఆ పాడు నెట్‌వర్క్‌నే తిట్టుకుంటూ బతకాలి, నా అబద్ధాన్ని నమ్మి నా మోచేతి మీద చెయ్యి వేసినందుకు.

చెప్పులేసుకుని బయల్దేరాను. వాళ్ళ ఇల్లు మా రూము ఉన్న విల్లాకు నాలుగు వీధులవతల. తలుపు తెరిచే ఉంది. లోపల నల్లబట్టల ఆడవాళ్ళు గోడల వెంట కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల వచ్చినవాళ్ళకు ఖర్జూరాల పళ్ళెం, చేదు కాఫీ అందిస్తోంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"తీసుకో" అని పళ్ళెం చాచింది.

"ముందు చెప్పనీ" అన్నాను. "నువ్వు చెయ్యెత్తి అడిగేసరికే ఫోన్ వచ్చేసింది. లైన్ బాగానే ఉంది. ఇప్పుడే ఇవ్వమన్నారు, నాకు స్పష్టంగా వినపడింది. నేనే నిన్ను పిలవలేదు."